దిద్ది పంపిన కబురు

డేటింగ్ యాప్‌లో అతను పెట్టిన మొదటి మెసేజ్ రెండే వరుసలు. ఆమె దాన్ని దిద్ది తిప్పి పంపింది.

మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను అచ్చుకు ముందు దిద్దడం ఆమె ఉద్యోగం. అక్కడ అక్షరం తేడా వస్తే రోగి ప్రాణం మీదికొస్తుంది. ఆ భయం ఇంటికీ వెంట వచ్చేది. ఎంత చక్కని ఫొటో పెట్టినవాడినైనా ఒక్క తప్పు వాక్యానికే పక్కకు తోసేసేది.

"ఇలా ఏరుకుంటూ కూర్చో. ఆఖరికి ఏ నిఘంటువుకో ఇచ్చి చేస్తాం," అనేది వదిన.

ఇతను మాత్రం కోపం తెచ్చుకోలేదు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. దిద్దినట్టే మళ్ళీ రాసి పంపి, కింద ఇంకో వరుస చేర్చాడు. పంతులమ్మగారూ, ఇప్పుడు పాసేనా అని.

ఆ వరుసలోనూ తప్పుంది. నవ్వుకుంటూ దిద్దింది. "మళ్ళీ రాయండి" అని పెట్టింది. అదే వాళ్ళ ఆటయింది.

మొదటిసారి కలిసిన రోజు వాన. మూసేసిన కొట్టు చూరు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. అతని భుజం ఒకటి బయటే తడుస్తోంది. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"మాట్లాడితే ఒక్క తప్పూ దొర్లదేమండీ మీకు?"

"నోటికి కీబోర్డు లేదుగా."

"బడికి వెళ్ళలేదా?"

"మధ్యలో మానేసి మా నాన్న వెంట పనిలోకి దిగాను. ఆయనా నాలాగే రాస్తాడు. ఇద్దర్నీ కలిపి దిద్దుదురుగాని."

ఆ మాటకు ఆమె తల వంచుకుంది. ఇంటికెళ్ళి, అతన్ని భోజనానికి పిలుద్దామని వదినతో తనే అంది.

ఆ పిలుపు అందకముందే, ఆఫీసులో అర్జంటు పని మీదుండగా ఫోన్ మోగింది. అతని మెసేజ్. ఒక కన్ను కాగితం మీదే ఉంచి, చకచకా దిద్ది, "మళ్ళీ రాయండి" అని పంపేసింది.

పని ముగిశాక, మంచినీళ్ళు తాగుతూ, తను దిద్దినదాన్ని చదివింది.

"మా నాన్న పొద్దున పోయారు. నాకేం తోచడం లేదు. మీరొకసారి రండి."

వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. అతను బయటికొచ్చాడు.

"నేను చదవలేదండీ," అంది. "దిద్దానంతే."

"తెలుసండీ."

"నన్ను తిట్టండి, పోనీ."

"ఎందుకు? మీరు దిద్దిందే చుట్టాలందరికీ పంపాను. చివరి వాక్యం తీసేశాను. అది మీకు రాసింది."

లోపలినుంచి వాళ్ళక్క పిలిచింది. అతను వెళ్ళాడు. ఆమె కాసేపు నిలబడి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె ఎన్నో మెసేజ్‌లు పెట్టింది. చాన్నాళ్ళకు ఒక జవాబొచ్చింది.

"ఇక మనం కలుసుకోవద్దండీ. మీకు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఉంటాను."

రెండుసార్లు చదివింది. దిద్దడానికి ఏమీ లేదు. వాళ్ళక్కకు చూపించి, సరిచేయించుకునే పంపి ఉంటాడు.