తెగిన కాడ ఎర్ర గుడ్డ

మా మిల్లులో మేం నడిపే మగ్గాలు పొద్దున్నుంచి మూడోసారి ఆగాయి. ఎందుకో చూద్దామని కంప్యూటర్ గదికి పోతే, అక్షర నా కొడుకు సంపత్‌ను కడిగేస్తోంది. మేం బతుకుతెరువుకొచ్చిన ఈ సచిన్ ఊళ్లో బయట కురిసే వానకన్నా ఆమె గొంతే పెద్దగా ఉంది.

"'మెమరీ తప్పు' అట! అంతేనా? ఏ అడ్రస్? చదువుతుంటేనా, రాస్తుంటేనా? చెప్పకుండా చస్తే నేను జోస్యం చూడాలా?"

ఉన్నది ఒకటే పెద్ద కంప్యూటర్. దాని లోపల ఉత్తుత్తి కంప్యూటర్లు పన్నెండు. అవే మగ్గాలను నడుపుతాయి. వాటిని కింద మోసే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ సంపత్ రాసింది, పైనుంచి నడిపే ప్రోగ్రామ్ అక్షరది. కింద తప్పు జరిగితే పైకి చెప్పాలి. సాయంత్రంలోగా మగ్గాలు నడవకపోతే అక్షర రేపట్నుంచి రావద్దన్నాడు మిల్లు యజమాని సేఠ్.

"ఎర్రర్ ఇచ్చినగా," అన్నాడు సంపత్.

"నువ్వూ అంతే! ఆదివారం నుంచి మాటల్లేవు. ఏమైందంటే 'ఏం లే'!"

పెళ్లి చేసుకుంటామని మొన్నటిదాకా ఒకే రెయిన్‌కోటులో బండి మీద వచ్చినవాళ్లు! నాకు ఒళ్లు మండింది.

"అరే, మగ్గం ఆగితే మేము పోగు తెగిన కాడ ఎర్ర గుడ్డ కడతం. బాగుజేసే మిస్త్రీ సీదా ఆడికే పోతడు. గింత చదివి గదన్న తెల్వదా?"

వాడు టకటకా కొట్టి, మార్చిన కోడ్ ఎక్కించి మగ్గాలు నడిపించాడు. గంటకు మగ్గాలు మళ్లీ ఆగాయి. ఈసారి తెర మీద అన్నీ పడ్డాయి: ఏ అడ్రస్, ఎంత మేర, రాయబోతే ఆగిందని. అక్షర పది నిమిషాల్లో సరిచేసింది. మగ్గాలు కదిలాయి.

ఆమె పోయి తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఇప్పుడు ఆదివారం సంగతి చెప్పు."

"మీ ఇంట్ల, మీ నాన్న అడిగిండు, మా బాపు ఏం జేస్తడని. నువ్వు 'టెక్స్‌టైల్ బిజినెస్' అన్నవ్."

అక్షర మొహం పాలిపోయింది. వెంటనే ఫోన్ తీసింది.

"నాన్నా, సంపత్ వాళ్ల నాన్నగారు మగ్గం నడుపుతారు. నేనే అబద్ధం చెప్పాను. నేను చేసుకునేది సంపత్‌నే."

ఫోన్‌లో ఆయన అరుపు నాకూ వినపడింది. "అబద్ధమెందుకే? వచ్చే ఆదివారం ఆయన్ని భోజనానికి తీసుకురా!"

"నేను రాను," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "ఎందుకు రారో చెప్పండి మామయ్యా," అంది అక్షర.

నేనన్న ఎర్ర గుడ్డ మాట నాకే ఎదురొచ్చింది. "నా పని చెప్పుకోనికి నీకు సిగ్గయింది. గది ఈడ తాకింది," అని ఛాతీ మీద చెయ్యి పెట్టాను.

ఆ పిల్ల కళ్లు నిండాయి. "తప్పు నాదే."

"అయితే వస్త. గీ మిల్లు అంగీతోనే వస్త. చెప్పు మీ నాన్నకు."