నాలుగో బెడ్

"నాలుగో బెడ్, టాబ్లెట్ వేసుకోండి," అంది హెడ్ నర్సు, సొట్టపడిన స్టీలు గ్లాసుతో నీళ్ళు అందిస్తూ.

వచ్చిన చిక్కల్లా అది ఆసుపత్రి కాకపోవడం. అది ఆమె సొంత ఇంటి ముందుగది. ఉదయం ఏడున్నర. కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్న ఆ నాలుగో బెడ్డు స్వయానా ఆమె మామగారు.

ఆయనకి నవ్వాగలేదు. "బెడ్డు కాదమ్మా, కుర్చీ," అన్నారు.

వంటగదిలో ఉన్న అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు. "పెద్దవాళ్ళని బెడ్డనీ స్టూలనీ పిలిచే కోడలు ఈ వీధి మొత్తానికి మనకొక్కళ్ళకే ఉంది," అంటూ గిన్నె ఠంగుమనిపించింది.

మామగారు గొంతు తగ్గించారు. "ఇంకో మాట. ఏమీ అనుకోకు. ఈ మాత్ర ఆరింటికే ఇచ్చావు కదా? వేసేసుకున్నాను."

ఆమె తన అరచేతిలోని తెల్ల మాత్రవైపు చూసింది. బీపీ మాత్ర. రోజుకి ఒక్కటే. ఆరింటికి ఇచ్చిన సంగతి బొత్తిగా గుర్తు లేదు. ఆయన పేపరు ధ్యాసలో పడి నోట్లో వేసేసుకుని ఉంటే?

పదిహేడేళ్ళ సర్వీసులో ఆమె ఇలాంటి తప్పు చెయ్యలేదు. వార్డులో ఆమెకొక పద్ధతి ఉంది. మందుల ట్రే పట్టుకున్న నర్సు ఇలా తడబడితే తిట్టదు, సంజాయిషీ అడగదు. ట్రే తన చేతిలోకి తీసుకుని, "నువ్వెళ్ళి పడుకో," అంటుంది. ఎంత మంచి చెయ్యైనా అలిసిపోయాక నమ్మకూడదని ఆమె లెక్క. అలా ఎంతమందిని ఇంటికి పంపిందో. ఆమె చేతిలోంచి ట్రే తీసుకున్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు.

ఎవరు తీసుకుంటారు పాపం? ఎవరి చేతులూ ఖాళీగా లేవు మరి! ఈ రోజు ఆమెకు వారానికొకసారి వచ్చే సెలవు. ఇంతకుముందు ఏడు సెలవులూ ఎటో కొట్టుకుపోయాయి. పరదాలు ఉతకడానికి ఒకటి, అత్తగారి కంటి పరీక్షకి ఒకటి, ఆడపడుచు ఇల్లు మారడానికి రెండు, మిగతావి ఏమయ్యాయో ఆమెకే తెలీదు. ఎవరేం అడిగినా ఆమె నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "నేను చూసుకుంటాలే." ఈ మధ్యాహ్నం ఆడపడుచు తన అత్తింటివాళ్ళను వెంటబెట్టుకుని భోజనానికి వస్తోంది. మొత్తం పదకొండుమంది. దానికీ అదే మాట అంది.

ఆమె ఆ మాత్రను డబ్బాలో వేసి మూత బిగించింది. మందుల పళ్ళెం తీసుకెళ్ళి, బూట్లు తొడుక్కుంటున్న భర్త ఒళ్ళో పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడతను.

"ట్రే. దించేశాను. మీ నాన్నగారికి ఒకే మందు రెండోసారి ఇవ్వబోయాను. వార్డులో ఎవరైనా ఇలా చేస్తే ఇంటికి పంపించేస్తాను. నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి గదిలోకి పోయి పడుకుంటున్నాను."

"వేసుకోలేదుగా! ఏమీ కాలేదుగా! పదకొండుమంది వస్తుంటే ఇప్పుడా పడుకోవడం? ఇవాళొక్కరోజు ఎలాగోలా లాగించు."

"ఇవాళొక్కరోజు అని ఏడు వారాలుగా అంటున్నారు. ఇంక లాగించను."

"నీకేదైనా కష్టంగా ఉంటే నాకు చెప్పాలి కదా?"

"మీరు డ్రైవింగ్ నేర్పిస్తారు. నేర్చుకునేవాళ్ళు ఏ గోడకో గుద్దబోతుంటే, వాళ్ళు చెప్పేదాకా ఆగుతారా? మీ కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, తొక్కేస్తారు. ఇంట్లో మాత్రం ఆ కాలు చాపుకుని కూర్చుంటారు. అందుకే నా బ్రేకు నేనే తొక్కుతున్నాను."

అతను ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టబోయాడు. ఈలోగా అత్తగారు గరిటె పట్టుకునే వచ్చేసింది.

"మేం చెయ్యలేదా? నలభై ఏళ్ళు ఎంతమందికి వండి వార్చానో! ఒక్కనాడైనా అలిసిపోయానని నోటితో అన్నానా?"

మునుపైతే కోడలు తల దించుకునేది. ఇప్పుడు దించుకోలేదు. "అనాల్సింది అత్తయ్యా. మీరు అని ఉంటే ఇప్పుడు నాకు ఇంత కష్టం అయ్యేది కాదు."

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"తను అనలేదు, నిజమే. విసిరేది," అన్నారు మెల్లగా. "ఈ గ్లాసుకి సొట్ట అలా పడిందే. గోడకేసి కొట్టింది. మా ఆవిడది కోపిష్టి బుద్ధి అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాణ్ణి. అలిసిపోయిందేమోనని ఒక్కసారీ తట్టలేదు. ట్రే తీసుకోవాల్సినవాణ్ణి నేను. తీసుకోలేదు."

అత్తగారు ఆ గ్లాసు అందుకుంది. బొటనవేలితో సొట్టను తడిమింది.

"ఆ రోజు నాకు జ్వరం," అంది. "మీ ఆఫీసువాళ్ళు ఇరవైమంది వచ్చారు భోజనానికి. ఎవరికీ చెప్పలేదు." చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. ఎన్నేళ్ళనాటి ఏడుపో అది. కోడలికి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తరవాత ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, గరిటె కొడుకు చేతిలో పెట్టి, ఫోను తీసి కూతురికి కలిపింది.

"మధ్యాహ్నం రావద్దే. మీ వదినకి ఒంట్లో..."

"ఒంట్లో బాగానే ఉంది అత్తయ్యా," అంది కోడలు గట్టిగా. "అలిసిపోయిందని చెప్పండి. జబ్బు చేస్తేనే సెలవా?"

ఆవిడ కోడలివైపు చూసింది. "జబ్బేం లేదు. మీ వదిన అలిసిపోయింది. నేను కూడా." అవతలినుంచి ఏదో ఆశ్చర్యం వినిపించింది. "అవునే, నేనే! ఎప్పుడో అలిసిపోయాను. ఇవాళ చెబుతున్నాను. మీవాళ్ళు ఏమైనా అనుకోనీ, అది నువ్వు చూసుకో." ఫోను పెట్టేసింది.

హెడ్ నర్సు గదిలోకి వెళ్ళి పడుకుంది. కాసేపటికి వంటగదిలోంచి పాలు మాడిన వాసన వచ్చింది. "నాన్నా, స్టవ్ ఆపండి!", "ఏది ఆపాలిరా, ఇటుదా అటుదా?" అని గోల. అలవాటుగా ఆమె కాళ్ళు మంచం దిగాయి. ఆమె వాటిని పట్టుబట్టి మళ్ళీ పైకి లాక్కుంది.

తలుపు తీసిన చప్పుడైంది. అత్తగారు లోపలికొచ్చి, తలుపు గడియ వేసి, మంచం దగ్గర నిలబడింది.

"కాస్త జరుగమ్మా," అంది. "ఐదో బెడ్డు ఖాళీయేనా?"