ఆరో గది పక్క కుళాయి

ఆరో గది పక్కనున్న వాష్‌బేసిన్ మంచిది కాదని ఆ ఆసుపత్రిలో అందరూ చెప్పుకునేవాళ్లు. కింద చెయ్యి పెడితే నీళ్లొచ్చే కుళాయి అది. చెయ్యి లేకుండానే వస్తాయట... ఆ గదిలో ఆపరేషన్ పుండు కుళ్లి చచ్చిపోయిన ముసలామె దెయ్యమై వదలడం లేదట.

నార్వే ఉత్తరపు కొసన రేవు ఊరు. చలికాలం రెండు నెలలూ సూర్యుడు రాడు. మధ్యాహ్నం కూడా కిటికీల నిండా రాత్రే.

గున్‌వోర్ అనే నర్సు కొత్తగా చేరింది. డాక్టర్ స్టెన్‌స్రూడ్ గొంతు తగ్గించి చెప్పాడు, "అటు పోకు. మెట్ల కింద ఇంకో వాష్‌బేసిన్ ఉంది."

"మీరు అక్కడే కడుక్కుంటారా?"

"అంత దూరం ఎవడు నడుస్తాడు!"

అని, చీము కట్టు విప్పిన చేతులు కోటుకి రాసుకుని పక్క మంచం దగ్గరికి పోయాడు. ఈ మహానుభావులకి దెయ్యం ఒక సాకు. గున్‌వోర్‌కి ఒళ్లు మండింది. నేరుగా ఆరో గది వైపే నడిచింది.

నడవా చివర దీపం మాడిపోయి ఉంది. అడుగు... ఇంకో అడుగు...

సర్రుమని నీళ్లు!

అక్కడ ఎవరూ లేరు. పారిపోదామంటే — చేతులకి ఇందాక కట్టు మార్చిన రోగి నెత్తురు.

అప్పుడు కనబడింది. తలుపు సందులోంచి సన్నగా, పొడుగ్గా, వేళ్లు లేని నల్లటి చెయ్యి... మెల్లగా వెనక్కి పోతోంది.

కళ్లు మూసుకుని పట్టి లాగింది. చేతిలోకొచ్చింది — మేజోడు తొడిగిన ఊతకర్ర! వెనకాల చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో, ఆర్న్‌ల్యోట్ అనే ముసలి జాలరి.

"అరవకు పిల్లా..." అన్నాడు గుసగుసగా. "ఆ పోయింది మా ఆవిడే. నీళ్ల చప్పుడు వింటేనన్నా వీళ్లకి చేతులు గుర్తొస్తాయనుకున్నా."

"గుర్తొచ్చాయా తాతా?"

"కాళ్లు గుర్తొచ్చాయి. ఒక్కడూ ఆగలేదు."

గున్‌వోర్ అతని ఎదుటే మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది.

కాఫీ దగ్గర ఈ సంగతి చెబితే అందరూ పడీపడీ నవ్వారు. "దెయ్యం లేదని తేలింది కదా, ఇక కడుక్కుంటారా?" అనడిగింది.

"తీరికేదీ తల్లీ!" అంటూ స్టెన్‌స్రూడ్ వేళ్లకంటిన జామ్ నాక్కుని లేచాడు. ఆమె వెంటపడి ఆరో గదికి చేరేసరికే డాక్టరు ముసలాయన కాలి కట్టు విప్పేసి, పుండు నొక్కి చూస్తున్నాడు.

వారం తిరక్కుండా కాలు నల్లబడింది. మోకాలి కింద తీసేశారు.

స్టెన్‌స్రూడ్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఎక్కడ అంటుకుందో ఏమో, అంతుబట్టడం లేదు పెద్దాయనా," అంటూ ఓదార్పుగా చెయ్యి చాచాడు.

ఆర్న్‌ల్యోట్ ఆ చేతిని చాలాసేపు చూశాడు. తన రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కున్నాడు.