డప్పు సల్లవడ్డది

బెల్లంపల్లిలో మూతపడ్డ పాత గని వెనక క్వార్టర్ల వరుస ఒకటుంది. అందులో చివరి ఇంటి మాట ఎత్తితే చాలు, ఆటోవాళ్ళు కిరాయే వద్దంటారు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ ఇంట్లోంచి డప్పు మోగుతుందట. వేసిన తలుపు వేసినట్టే ఉంటుంది… లోపల మనిషి ఉండడు… డప్పు మాత్రం మోగుతుంది.

అది ఎవరి డప్పో కూడా అందరికీ తెలుసు. హనుమండ్లుది. పెళ్లి ఊరేగింపులో కొట్టి ఇంటికి నడిచి వస్తూ, గుండె పట్టుకుని ఆ ఇంటి అరుగు మీదే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆయన దెబ్బను పోల్చుకోలేని చెవి ఆ చుట్టుపక్కల లేదు.

అందరికంటే ముందు పోల్చుకున్నది ఆయన భార్య రామవ్వ.

"మీ బాపుకు ఆకలైతుందిరా," అంది కొడుకు కొండల్‌తో.

అప్పటినుంచి ప్రతి అమాసకు, చీకటి పడకముందే, తల్లీకొడుకులు ఆ అరుగు మీద బువ్వ, కోడికూర, సీసాలో కల్లు పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేవారు. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ, సీసా ఖాళీ. కుక్కలు తిన్నాయేమో అనే తెలివిగలవాళ్ళు ఆ వాడలో లేకపోలేదు. సరే, కుక్కే అనుకుందాం… కుక్క కల్లు తాగి సీసాకు మళ్ళీ మూత పెడుతుందా?

రామవ్వ మురిసిపోయేది. కొండల్‌కు మాత్రం అది గుండెకోత. బతికినన్నాళ్ళూ పదిమంది పెళ్లిళ్లలో కొట్టిన బాపు, చచ్చి కూడా ఆకలితో తిరుగుతున్నాడాయె! ఆయన డప్పు ఇంట్లో గోడ మేకుకు వేలాడుతోంది. "బాపు ఆత్మ కుదుటవడేదాక దాన్ని ముట్టకురా," అని సంపత్ చెప్పాడు. సంపత్ అంటే చిన్ననాటి నుంచి కొండల్‌తో ఒక్క కంచంలో తిన్న దోస్తు. పాటలు కడతాడు, పెళ్లిళ్లకు డీజే బాక్సులు తిప్పుతాడు. హనుమండ్లు ఉన్నప్పుడు యాదికి ఉంటుందని ఆయన డప్పును రికార్డు చేసినవాడు. అలాంటివాడి మాట ఎలా కాదంటాడు? పెళ్లికి డప్పు కొట్టడానికి రమ్మని వచ్చిన వాళ్ళందరినీ కొండల్ దండం పెట్టి పంపేశాడు.

ఒక అమాసకు రామవ్వకు జ్వరం తగిలింది. కొండల్ ఒక్కడే గిన్నె పట్టుకుని బయలుదేరాడు. దారిలో వాన అడ్డుపడి, ఆ ఇల్లు చేరేసరికి చీకటి ముసిరింది.

అరుగు మీద గిన్నె పెట్టాడు. వెనుదిరిగాడు…

ధన్!

లోపలి నుంచే. కాళ్ళ కింద అరుగు అదిరింది. ధన్… ధన ధన్… అది బాపు దెబ్బే, అనుమానం లేదు. కానీ బాపు ఎన్నడూ అంత బలంగా కొట్టి ఎరగడు. చచ్చాక ఇంత సత్తువ ఎక్కడి నుంచి వచ్చింది?

ఉరుకుదామని అరుగు దిగబోయాడు. అంతలో డప్పు ఆగింది. ఆ నిశ్శబ్దంలో… తలుపు సందులోంచో, చెవి పక్కనుంచో… సన్నగా ఒక గొంతు.

"కొండలా… డప్పు సల్లవడ్డది. జర మంటెయ్యి బిడ్డా…"

చలికో వానకో తోలు మెత్తబడితే డప్పు పలకదు. మంట దగ్గర కాచాలి. చిన్నప్పటినుంచి ఆ పని కొండల్‌దే. ఆ మాట చెవిన పడితే, ఎక్కడున్నా గడ్డి పట్టుకుని ఉరికొచ్చేవాడు.

ఇప్పుడూ అదే చేశాడు! దెయ్యం పిలిస్తే లోకమంతా ఇటు ఉరుకుతుంది, మా కొండల్ అటు ఉరికాడు. అరుగు మూలన తడవని ఎండుగడ్డి పీకి, అగ్గిపుల్ల గీసి, మండుతున్న గడ్డితో "వస్తున్న బాపూ!" అంటూ తలుపు తోశాడు.

లోపల నీలం వెలుతురు. ఒక కంప్యూటరు. అటూ ఇటూ పెద్ద స్పీకర్లు. మధ్యలో నోరు తెరుచుకుని చూస్తున్నవాడు — సంపత్.

గోడ మూలన తిని పారేసిన కోడి బొక్కల కుప్ప.

కొండల్ ఆ కుప్పనూ చూశాడు, సంపత్‌నూ చూశాడు.

"గా బువ్వ… నువ్వు తిన్నవారా?"

"జర నా మాట ఇను కొండల్," సంపత్ లేచాడు. "గీడ గడబిడ ఉండదని మిక్సింగ్ చేసుకుంటున్న. కంప్యూటర్ల వచ్చే డ్రమ్స్ అన్ని ఖాళీ డబ్బా లెక్క మోగుతున్నయ్. వాటి మీద మీ బాపు దెబ్బ వెట్టి, కింద బేస్ కలిపితే… ఛాతిల గుద్దినట్టు, నిండుగ వస్తుంది. ఎవడు గుడ దీన్ని కంప్యూటర్ అనడు!"

"దెబ్బ తీసుకుంటే తీసుకున్నవ్. మరి నన్నెందుకు డప్పు ముట్టకుమన్నవ్?"

సంపత్ తల దించుకున్నాడు. కొండల్ పోని ప్రతి పెళ్లికీ పోయినవి సంపత్ బాక్సులే. వాటిలో మోగింది కొండల్ తండ్రే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది అనిపించింది కొండల్‌కు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. గడ్డి కాలి వేళ్ళు చుర్రుమంటే విదిలించాడు.

"అమాస అమాసకు మా అవ్వ ఏడ్సుకుంట వండిందిరా. గది తిననీకె నీకెట్ల మనసొప్పింది? ఆఖరుకు బాపు గొంతు గుడ వెట్టి నన్ను పిలిస్తివి!"

"గొంతా?" సంపత్ తల ఎత్తాడు. "గొంతేందిరా?"

"మంటెయ్యమన్నది! ఇప్పుడే!"

సంపత్ ముఖం పాలిపోయింది.

"మాటలెక్కడియిరా… గవన్ని రికార్డు చేసిన నాడే కోసి పారేసిన. గిండ్ల ఒట్టి దెబ్బలే ఉన్నయ్."

రికార్డు చేసిందంతా మొదటినుంచి చివరిదాకా మోగించాడు. దెబ్బ… దెబ్బ… దెబ్బ. మాట లేదు.

ఆ తర్వాత సంపత్ కంప్యూటరు కూడా ఆపకుండా చీకట్లో పడి పరుగు తీశాడని చెప్పుకుంటారు. చెప్పులు అక్కడే ఉండిపోయాయట.

కొండల్ మాత్రం పెట్టిన గిన్నె తీసుకుని నింపాదిగా ఇంటికి వచ్చాడు. నిండు గిన్నె చూసి రామవ్వ మంచంలో లేచి కూర్చుంది.

"మీ బాపు తినలేదారా?"

"ఎన్నడు తినలేదవ్వా. గిన్ని అమాసలు సంపత్ గాడు తిన్నడు."

రామవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గిన్నె వైపే చూస్తూ ఉండిపోయింది.

కొండల్ గోడకున్న డప్పు దించాడు. తోలు మీద అరచెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది.

"బాపు అడిగింది బువ్వ గాదే అవ్వా," అన్నాడు. "పొయ్యి కాడ గడ్డి ఉన్నదా?"