నిజంగానే నిద్రపోయింది

తెరవకూడని చోట కన్ను తెరిచి దొరికిపోయాడు లిఫ్టు మెకానిక్.

అది హిప్నాసిస్ క్లాసు. మందుల షాపు పైన అద్దె గది, ముదురు రంగు కర్టెన్లు, వరసగా వాలుకుర్చీలు. బయట ముసురు. "మీ కుడిచెయ్యి తేలికైపోతోంది, దానంతటదే పైకి లేస్తోంది" అని డాక్టరు మెత్తగా చెప్పుకుపోతున్నాడు. మన మెకానిక్ చెయ్యి మాత్రం సిమెంటు బస్తాలా కుర్చీకి అతుక్కుపోయింది. ఇంత కష్టపడుతున్న పెద్దమనిషిని చిన్నబుచ్చడం ఎందుకులే అని తనే మెల్లగా ఎత్తాడు. మిగతావాళ్ళవి ఎంత ఎత్తుకు లేచాయో చూద్దామని ఒక కన్ను తెరిచాడు.

పక్క కుర్చీలో అమ్మాయి కూడా చెయ్యెత్తి, ఒంటికన్నుతో అదే చూస్తోంది. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ గబుక్కున కళ్ళు మూసుకున్నారు.

క్లాసయ్యాక మెట్ల మీద ఆమే పలకరించింది. "మీదీ దొంగచెయ్యేనా?"

అతను తలూపాడు.

"డాక్టరుగారికి చెప్పకండి. పాపం, బాధపడతారు."

మళ్ళీ తలూపాడు. అంతకు మించి అతని వల్ల కాదు. మెషీన్లతో ఎంతసేపైనా మాట్లాడతాడు గానీ, మనిషి ఎదురుగా నిలబడితే గొంతులో వెలక్కాయ పడుతుంది. సూపర్‌వైజర్ ఇంటర్వ్యూలో అలాగే నోరు తెరవక పోస్టు పోగొట్టుకున్నాడు. వాళ్ళక్క అతన్ని 'మూగనోము' అని పిలుస్తుంది. "అడగందే అమ్మయినా పెట్టదురా" అని తిట్టి, ఈ క్లాసులో చేర్పించింది కూడా ఆవిడే.

ఆ అమ్మాయిది కళ్ళద్దాల షాపులో పని. లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. తనెందుకు వస్తోందో ఒకరోజు బస్టాపులో వాన చూస్తూ చెప్పింది. వాళ్ళమ్మ జబ్బు పడినప్పుడు పక్క మంచం మీద పడుకునేదట. ఒక రాత్రి అలసిపోయి గాఢంగా నిద్రపోయింది. తెల్లారి లేచేసరికి అమ్మ లేదు. ఆనాటి నుంచి కంటిమీద కునుకు లేదు.

"నేను నిద్రపోతే ఎవరో ఒకరు వెళ్ళిపోతారనిపిస్తుంది. పిచ్చి ఆలోచనని తెలుసు. తెలిసినంత మాత్రాన నిద్ర వస్తుందా?"

ఆమె బస్సు వచ్చేదాకా పక్కనే తడుస్తూ నిలబడ్డాడు. ఇంటికెళ్ళాక, చెప్పవలసిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏం లాభం?

ఆ తర్వాత ప్రతి క్లాసూ వాళ్ళకు నాటకమే. ఎవరు బాగా నటించారో మెట్ల మీద తేల్చుకునేవారు. అతని చెయ్యి మరీ బస్సు ఆపుతున్నట్టు లేచిందని ఆమె వెక్కిరించేది. ఆమె కళ్ళ కింద నలుపు మాత్రం రోజురోజుకూ ముదురుతూనే ఉంది.

ఒకనాడు డాక్టరు అందరినీ జంటలుగా కూర్చోబెట్టాడు. ఒకరు మాటలతో రెండోవారిని నిద్రలోకి తీసుకెళ్ళాలి. తన జంట ఆమే, మాట్లాడాల్సింది తనే అని తెలిసేసరికి మెకానిక్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. తెలిసిన చోటుకే తీసుకెళ్ళమని డాక్టరు ధైర్యం చెబితే, పాపం, అతనికి తెలిసిన చోటు ఇంకేముంది? ఆమెను లిఫ్టు ఎక్కించాడు.

"పదో అంతస్తు. తలుపులు మూసుకున్నాయి. కేబుల్ గట్టిదే, నేనే చూశాను. మెల్లగా దిగుతున్నాం. తొమ్మిది..."

ఆమె నుదుటి ముడి విడింది. చేతివేళ్ళు వదులయ్యాయి. ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాడు. విచిత్రమేమిటంటే, ఆ మూసిన కళ్ళ ముందు అతనికి మాటలు తడుముకోకుండా వస్తున్నాయి. లిఫ్టు కిందికి చేరాక ఆపాలి కదా, ఆపలేదు. గొంతు తగ్గించాడు.

"మీరు నటిస్తున్నారని తెలుసు. ఇంకాసేపు అలాగే ఉండండి. నేను మాటలు నేర్చుకోడానికి రావడం ఎప్పుడో మానేశాను. మీ కోసం వస్తున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. నిద్ర పట్టకపోతే పట్టకపోనివ్వండి, మీతో పాటు నేనూ మేలుకుంటాను. మీకు సరేనైతే ఇప్పుడు కళ్ళు తెరవండి. కాదంటే అలాగే ఉండండి, నాకర్థమవుతుంది."

ఆమె కళ్ళు తెరవలేదు.

కాసేపు చూశాడు. జీవితంలో ఒక్కసారి నోరు విప్పితే ఇదీ జవాబు. లేచి, చెప్పులు వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వానలోకి నడిచాడు.

క్లాసు మానేశాడు. పనిలోకి వెళ్తున్నాడు, వస్తున్నాడు, కంచం ముందు కూర్చుని కెలికి లేస్తున్నాడు. అక్క నిలదీస్తే, అడిగానని, కాదందని మాత్రం చెప్పాడు. నోటితో కాదందా అని అక్క గుచ్చి గుచ్చి అడిగితే కంచం తీసుకుని లేచిపోయాడు.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. డాక్టరు దగ్గర అడ్రసు తీసుకుని ఆమే వచ్చింది. మనిషి సగమైపోయింది. అక్క ఇద్దరినీ ఎగాదిగా చూసి లోపలికి తప్పుకుంది.

"ఆ రోజు చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారు?"

"మీరు కళ్ళు తెరవలేదు కదండీ."

"నిద్రపోయాను."

అతనికి అర్థం కాలేదు.

"నాలుగో అంతస్తు అన్నదాకా గుర్తుంది. తర్వాత నిజంగానే నిద్రపోయాను. అమ్మ పోయాక అదే మొదటిసారి. అందరూ వెళ్ళిపోయాక డాక్టరుగారు లేపారు. లేవగానే మీకే చెప్పాలనుకున్నాను. చూస్తే మీ కుర్చీ ఖాళీ. తర్వాత కూడా మీరు రాలేదు. నేను నిద్రపోతే ఎవరో వెళ్ళిపోతారన్నానా? వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి మళ్ళీ కన్ను మూతపడలేదు."

ఇన్నాళ్ళూ తనకే అన్యాయం జరిగిందనుకుని కుమిలిపోయాడు. ఆమె దేనికి భయపడిందో, సరిగ్గా అదే చేసి వచ్చాడు.

"ఆ రోజు ఏమైనా చెప్పారా?" అని అడిగింది. అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆమెకు తెలుసు ఆ అవస్థ. "నన్ను కళ్ళు మూసుకోమంటారా?"

"వద్దు" అన్నాడు. "చూస్తూనే వినండి."

చెప్పాడు. మాటలు ఆ రోజులా రాలేదు. ముందుది వెనకా వెనకది ముందూ అయింది, మధ్యలో చెమటలు పట్టాయి, ఇష్టం అన్న మాట దగ్గర గొంతు జీరబోయింది. ఆమె రెప్ప వేయకుండా వింది. విని, చున్నీతో కళ్ళు తుడుచుకుని, తనకూ ఇష్టమేనని నెమ్మదిగా చెప్పింది. సంతోషం కన్నా అలసటే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"కాసేపు పడుకోండి" అన్నాడు.

ఆమె సోఫా వైపు చూసి, భయంగా అతని వైపు చూసింది.

"లేచేసరికి ఇక్కడే ఉంటాను."

ఆమె ఒరిగింది. చాలాసేపు రెప్పలు మూస్తూ, తెరిచి చూస్తూ, చివరికి మూసేసింది. వంటింటి గుమ్మంలోంచి అక్క భోజనానికి రమ్మని సైగ చేసింది. అతను తల అడ్డంగా ఊపి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.