అవతలి మేడ మీద జెండా

కింద వీధిలో ఆట మొదలైపోయింది. మేడ మీద పిడుగు మాత్రం రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని చిందులు తొక్కుతోంది. పేరుకు తగ్గ పిల్లే, ఒక్కచోట నిలవదు.

ఇళ్లలో ఫోన్లు లేని రోజులవి. పిడుగు వాళ్ల తాతయ్య, కాలువ అవతలి మేడలో ఉండే ఆయన స్నేహితుడు, ఇద్దరూ రేవులో ఓడలకు జెండాలతో కబుర్లు పంపే ఉద్యోగం చేసినవాళ్లు. రిటైరయ్యాక కూడా సాయంత్రమైతే చాలు, మేడలెక్కి జెండాలతోనే మాట్లాడుకునేవారు. చేతులు ఒక్కో తీరులో పెడితే ఒక్కో అక్షరం. మాట పూర్తవగానే అవతలివాళ్లు ‘అందింది’ అని జెండా ఎత్తాలి. అప్పుడే తర్వాతి మాట. తాతయ్య పిడుగుకు మొట్టమొదట నేర్పింది అదే. ఎంత ముచ్చటగా ఉండేవో ఆ సాయంత్రాలు!

ఆ స్నేహితుడికి ఈమధ్య కంటి ఆపరేషన్ అయింది. చాలా రోజుల తర్వాత ఆవేళే మేడెక్కాడు. తాతయ్యకేమో భుజం పట్టేసింది. కన్నెలా ఉందో అడుగుతూ ఉండమని, తను మెల్లిగా మెట్లెక్కి వస్తానని మనవరాలిని ముందు పంపాడు.

పిడుగు మనసంతా వీధిలోనే ఉంది. గబగబా చేతులు ఆడించేసి, జెండాలు పిట్టగోడ మీద పడేసి, ఎదుటి మేడకేసి చూడకుండానే మెట్లవైపు పరుగు తీసింది.

అప్పుడే తాతయ్య పైకి వచ్చాడు. అవతలి జెండాలు నెమ్మదిగా కదులుతున్నాయి. వాటిని చదువుతూ చదువుతూ ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"వాడికి ఒక్క అక్షరం కూడా కనబడలేదట. ఆపరేషన్ చేసినా చూపు రాలేదంటున్నాడు."

పిడుగు మెట్ల దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది. అవతల ఆ పెద్దాయన జెండాలు చుట్టేస్తున్నాడు.

"తాతయ్యా, ఆయన కన్ను బాగానే ఉంది. నేనే ఆగకుండా ఊపేశాను. ఆయన జెండా ఎత్తాడో లేదో చూడను కూడా లేదు."

తాతయ్య తిట్టలేదు. జెండాలు తీసి ఆమె చేతికిచ్చాడు.

కింద నుంచి పిల్లలు పిలుస్తూనే ఉన్నారు. పిడుగు అటు తిరగలేదు. జెండాలు రెండూ తలపైన అటూ ఇటూ ఊపింది. లోపలికి వెళ్లబోతున్న పెద్దాయన ఆగాడు.

‘తప్పు’. ఒక్కో అక్షరం దగ్గరా చేతులు బిగబట్టి ఆగింది. భుజాలు లాగేస్తున్నా కదపలేదు. కాసేపటికి అవతల జెండా లేచింది. ‘నాది’. మళ్లీ లేచింది. ‘మీ’... ‘కన్ను’... ‘బాగుంది’.

ఈసారి జెండా లేవలేదు. పెద్దాయన చొక్కా చేతితో చెంపలు తుడుచుకుంటున్నాడు. పిడుగు తొందరపడలేదు. ఆట అయిపోతే అయిపోయిందిలే అనుకుని, ఆయన జెండా ఎత్తేదాకా అలాగే చూస్తూ నిలబడింది.