పిడుగుకు పొడుగు చేతుల గౌను

“అమ్మా, నా కొత్త గౌనుకి పొడుగు చేతులు పెట్టవా?”

కుట్టుమిషను మీద వంగి ఉన్న తల్లి తలెత్తి చూసింది. పొద్దున్నే ఉక్కపోత. ఏడేళ్ల కూతురు తండ్రి పాత చొక్కా తగిలించుకుని నిలబడింది. మోచేయి దాటిన చేతుల్ని ఏనాడూ భరించని పిల్ల.

“ఈ ఎండల్లో ఉడికిపోతావే!”

“పర్లేదు. ఫ్యాషను.”

దాని అసలు పేరు ఇంట్లో ఎప్పుడో మరుగున పడింది. అందరికీ పిడుగే. మెట్లు ఒక్కొక్కటిగా దిగిన పాపాన పోలేదు. అలాంటి పిల్లకు ఒళ్లంతా నల్లమచ్చలు తేలాయి. దెబ్బ తగిలితే రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచీ రోజూ మాత్రలు, వారం వారం రక్తపరీక్ష. ఆ మాత్రలతో ఆకలి రెట్టింపయింది, అల్లరి నాలుగింతలయింది. తల్లి బల్లల అంచులకు దూదిమెత్తలు కుట్టింది, ఆటలు మాన్పించింది, కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“రా, కొలత తీస్తాను,” అంటూ టేపు అందుకుంది.

పిడుగు వెనక్కి జరిగింది. “పాత కొలతే చాలు.”

తల్లి టేపు పక్కన పడేసింది. గబుక్కున చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన అరచేయంత కమిలిన మచ్చ.

“ఎప్పుడు తగిలింది?”

పిడుగు నాయనమ్మ వంక చూసింది. వంటింటి గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు గిన్నె పక్కన పెట్టింది.

“మొన్న నువ్వు కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్లినప్పుడు కాసేపు వీధిలో ఆడుకోనిచ్చాను. గేటుకి గుద్దుకుంది. వెంటనే ఐసు పెట్టాను.”

“మీరే పంపించారా? దాని ప్రాణంతో చెలగాటమా అత్తయ్యా?”

“దెబ్బలు తగలనివ్వొద్దన్నారు గానీ, కట్టి పడెయ్యమన్నారా? ఊచలు పట్టుకుని అది బయటికి చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది. నీకు చెప్పకపోవడం తప్పే. చెప్పొద్దని నా కాళ్లు చుట్టేసింది.”

“ఎందుకే? చెబితే కొడతానా నేను?”

“కొట్టవు,” అంది పిడుగు నేల చూస్తూ. “బాత్రూములో పంపు తిప్పుకుని ఏడుస్తావు. నాకు వినపడుతుంది. నిన్న ముక్కులోంచి రక్తం కూడా వచ్చింది. నేనే కడిగేసుకున్నా.”

“ఆ సంగతి నాకూ చెప్పలేదేమే!” అంటూ అత్తగారు లేచింది. ఆ మాటతో గొడవ గాలికి పోయింది. ఇద్దరూ పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

రక్తపరీక్ష ఫలితం చూసిన డాక్టరుగారి ముఖం తేటపడింది. “మందు పనిచేస్తోంది. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి. కానీ ముక్కులోంచి రక్తం వస్తే వెంటనే నాకు తెలియాలమ్మా.”

“మరి... ఆడుకోవచ్చా?” అడిగింది తల్లి.

“పరిగెత్తనివ్వండి. ఎత్తులెక్కడం, గుద్దుకునే ఆటలు మాత్రం ఇంకొన్నాళ్లు వద్దు. ఏం జరిగినా దాచకుండా చెప్పాలి, అంతే.”

తల్లికి తల కొట్టేసినట్టయింది. తన కన్నీళ్లకు భయపడి పిల్ల ముక్కులోంచి వచ్చిన రక్తాన్ని దాచుకుంది. రోగం కన్నా ఎక్కువగా తనే దాన్ని భయపెట్టింది.

బయటికి రాగానే కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “ఆడుకో. ఏం తగిలినా ముందు నాకే చెప్పాలి.”

“ఏడవవుగా?”

“ఏడుపొస్తే నీ ముందే ఏడుస్తా. పంపు చాటుకు పోను.”

తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుంది. “నోటికొచ్చినట్టు అన్నాను అత్తయ్యా.”

“ఇంకా ఏమైనా మిగిలితే ఇంటికెళ్లాక అను. ఇక్కడ అందరూ చూస్తున్నారు,” అందావిడ. ముగ్గురికీ నవ్వొచ్చింది.

మర్నాడు సాయంత్రం పార్కుకి వెళ్లారు. పచ్చిక మీద పిడుగు గిరగిరా పరుగులు తీసింది. ఉన్నట్టుండి కాలు మడతపడి బోర్లా పడింది. తల్లి లేవబోతుంటే అత్తగారు మణికట్టు పట్టుకుని ఆపింది. “ఉండు. అదే వస్తుంది.”

అదే వచ్చింది, రొప్పుతూ. “అమ్మా, మోకాలు. చూడు.”

కాస్త ఎర్రబడింది, అంతే. తల్లి వెంట తెచ్చిన ఐసు సంచి అద్దింది. పిడుగు మాత్రం మోకాలు వదిలేసి అమ్మ ముఖం చూస్తోంది.

“ఏడుపొస్తోందా?”

“కొంచెం.”

పిడుగు మట్టిచేతులతోనే అమ్మ చెంపలు తుడిచింది. కాసేపు ఓపిగ్గా నిలబడింది.

“అయిపోయిందా? ఇక వెళ్లనా?”

“వెళ్లు!”

ఆ మాట పూర్తయ్యేలోగా పిడుగు పచ్చికకు ఆ కొసన ఉంది.